జపానన్న ఘాట్ రోడ్డు మర్యాద

చదువుకునే రోజుల్లో మనిషి భయాలు కూడా తారుమారుగానే ఉంటాయి. జర్మనీలోని డెగ్గెన్‌డార్ఫ్‌లో మాస్టర్స్ చేస్తున్నప్పుడు నాకు పరీక్షలంటే భయం లేదు, చలంటే లేదు, మా రూమ్మేట్ కారెక్కాలంటే మాత్రం గుండె జారిపోయేది. ఆయనది వరంగల్, నాకు సీనియర్. జపాన్ ముఖం ఎన్నడూ చూడకపోయినా అక్కడి ఘాట్ రోడ్ల మీద కార్లు నడిపేవాళ్ల వీడియోలు పొద్దస్తమానం చూసేవాడు. ఆ పిచ్చితోనే ఒక పాత జపాన్ కారు కూడా కొనుక్కొచ్చాడు కాబట్టి అందరం జపానన్న అనేవాళ్లం. మలుపుల్లో పొగలు రేపుతూ అడ్డంగా జారిపోయే ఆ కార్లను ఆయన భుజం మీదుగా నేనూ చూశాను. అందుకే ఎప్పుడు షికారుకు పిలిచినా నాకు కడుపునొప్పి వచ్చేది (మాది భీమవరం పక్క పల్లె, మాకు ఎత్తంటే కాలవగట్టే).

అలాంటి నేను ఆ కారెక్కాల్సి వచ్చింది. కొండల అవతల ఊళ్లో, యంత్రాల విడిభాగాలు చేసే చిన్న కంపెనీలో ప్రాక్టికుమ్‌కి, అంటే ఇంటర్న్‌షిప్‌కి, ఇంటర్వ్యూ. అడిగిన ప్రతిచోటా కాదన్నారు, ఇక మిగిలింది ఇదొక్కటే. ఇదీ పోతే ఒక సెమిస్టర్ వృథా. తీరా స్టేషన్‌కి వెళ్తే రైలు రద్దు. బెంచీ మీద కూలబడి ఫోన్ చేస్తే జపానన్న పది నిమిషాల్లో వచ్చేశాడు. "బేఫికర్ ఉండు తమ్మీ, నేను తోల్కపోత" అన్నాడు. నేను దేవుళ్లందరికీ ఒకేసారి మొక్కుకుని, బెల్టు బిగించుకుని, కళ్లు మూసుకున్నాను. కాసేపటికి తెరిచి చూద్దును కదా, ఘాట్ రోడ్డు మీద మేం పెళ్లి ఊరేగింపులా వెళ్తున్నాం.

"అన్నా, ఇంకాస్త తొక్కొచ్చు కదా, ఆలస్యమైపోతోంది!" అన్నాను (ఆ మాట నా నోటి నుంచే వచ్చింది, నమ్మండి).

"తమ్మీ, గా వీడియోలల్ల చూడాల్సింది పొగ గాదు, మర్యాద. మలుపు అవతల ఏమున్నదో కానరానప్పుడు నడిమి గీత దాటొద్దు. ఊళ్ల నుంచి పోతే సప్పుడు జెయ్యొద్దు. ఎనకొచ్చెటోడు తొందరల ఉంటే పక్కకు జరిగి దారియ్యాలె. దారిచ్చినోనికి దండం బెట్టాలె."

"స్టీరింగ్ వదిలేసా?"

"నాలుగు దిక్కుల లైట్లు రెండు మూడుసార్లు మెరిపిస్తరు. గదే దండం."

అంతలో మా ముందు దుంగలు మోసుకెళ్తున్న లారీ ఒకటి పక్కకు ఒదిగి మాకు దారిచ్చింది. జపానన్న కళ్లల్లో నీళ్లు తిరిగినంత పనైంది. "చూసినవా! ఈడ గూడ ఉన్నది సంస్కారం!" అంటూ లారీని దాటగానే ఆ లైట్లు వెలిగించే ఎర్ర మీట నొక్కాడు. లైట్లు మెరిశాయి. ఇంకా మెరిశాయి. మీట లోపలే ఇరుక్కుపోయింది. మా కారు ఆగకుండా దండాలు పెడుతూనే పోతోంది. ఆ లైట్లు చూసి ముందేదో ప్రమాదం జరిగిందనుకుని వెనక బండ్లన్నీ నెమ్మదించాయి. ఎనకోళ్లకు అడ్డం ఉండొద్దని జపానన్న రోడ్డు పక్కనున్న ఖాళీ జాగాలోకి తిప్పాడు. పాపం వీళ్ల కారు చెడిపోయిందనుకుని లారీతో సహా వెనకవాళ్లూ మా వెంటే తిప్పేశారు.

క్షణాల్లో మా చుట్టూ జనం. ఒకాయన బ్యాటరీ తీగలు పట్టుకొచ్చాడు, ఒక పెద్దావిడ ప్రథమ చికిత్స పెట్టె. "పానె?" అన్నాడు లారీ డ్రైవర్. బండి చెడిందా అని. జపానన్న దిగి, చేతులు జోడించి, తనకొచ్చిన జర్మన్‌లో "లేదండీ, ఇది మీకు థ్యాంక్స్" అన్నాడు. ఆ డ్రైవర్ బొజ్జ పట్టుకుని నవ్విన నవ్వు అవతలి లోయ దాకా వినిపించి ఉంటుంది. ఆయనే లోపలికి వంగి డ్యాష్‌బోర్డు మీద ఒక్క గుద్దు గుద్దితే మీట పైకొచ్చింది. నాకు ఇంటర్వ్యూ ఉందని తెలియగానే రోడ్డు మీదికెళ్లి, రెండువైపులా చూసి, మమ్మల్ని ముందు పొమ్మని సైగ చేశాడు. జపానన్న చెయ్యి మళ్లీ ఆ మీట మీదికి వెళ్లింది. "అన్నా వద్దు! నీకు పుణ్యముంటుంది, చెయ్యి ఊపు చాలు!" అని పట్టుకుని ఆపాను. ఇద్దరం చెరో కిటికీలోంచి, మంత్రిగారి కాన్వాయ్‌లా చేతులూపుతూ బయలుదేరాం.

ఆలస్యంగానే చేరాను. ఎందుకని అడిగింది మేనేజరమ్మ, గడియారం వైపు చూస్తూ. అబద్ధం అల్లేంత జర్మన్ నాకు రాదు గనుక జరిగిందంతా చెప్పాను. మాట దొరకనిచోట చేతులతో, లైట్ల దగ్గర కళ్లార్పి మరీ చూపించాను. ఆవిడ కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుని, పక్కగదిలో వాళ్లని పిలిచి మళ్లీ మొదట్నుంచీ చెప్పించింది. ఆ తర్వాత, "సరే, ఆ మీట ఎందుకు ఇరుక్కుని ఉంటుంది?" అని అడిగింది. లోపలి స్ప్రింగ్ ఎలా అలిసిపోతుందో కాగితం మీద బొమ్మ గీసి చెప్పాను. ప్రాక్టికుమ్ దొరికింది. బయట కారుకు ఆనుకుని నిలబడ్డ జపానన్నకి ఆ మాట చెప్తే, "మరి? మర్యాదంటే ఏమనుకున్నవ్!" అని నన్ను ఎత్తి గిరగిరా తిప్పాడు.

ఇప్పుడు నేను వోల్ఫ్స్‌బర్గ్‌లో ఉద్యోగం చేస్తున్నాను. జర్మన్ బాగానే వచ్చింది. అదే చిక్కైంది. మీటింగుల్లో నోరు తెరిచేముందు, పదం లింగాన్ని బట్టి దాని ముందు డెర్ అనాలా, డీ అనాలా, డాస్ అనాలా అని లోపల సరిచూసుకునేసరికి మాట దాటిపోతుంది. ఆనాడు నలిగిన కోటుతో ఇంటర్వ్యూకి వచ్చిన ఆ కుర్రవాడైతే, అన్నీ తప్పులే మాట్లాడుతూ, ఈపాటికి సగం గదిని నవ్వించేసి ఉండేవాడు.