వేషాలెయ్యబాక

బెడోక్‌లో మా పై అంతస్తులో ఉండిన ఆంటీది తిరుపతి. ఎవరేం చేసినా ఆమె నోట ఒకటే మాట: "వేషాలెయ్యబాక నాయనా!" అలాంటి ఆవిడే ఒకరోజు మాచేత వేషాలు వేయించింది.

ఆడవాళ్లను వేధించి దాక్కున్న పాలెగాణ్ణి వాళ్ల ఊరి దేవత గంగమ్మ రోజుకో మారువేషంలో వెతికి పట్టిందట. అందుకే ఆ తల్లి జాతరలో మగవాళ్లు చీరలు కడతారు, ఎదురొచ్చినవాళ్లను తిడతారు. ఆ తిట్టే దీవెన. ఊరు వదిలి ఈ దేశం వచ్చాక ఆగిపోయిన ఆ వేడుకను మా బ్లాకు కింద మళ్లీ మొదలెట్టాలని ఆంటీ పట్టు. ఒక్క ఫిర్యాదు వెళ్లిందా, మొదటిసారే ఆఖరిసారి.

రాఫెల్స్ ప్లేస్‌లో ఆఫీసుకు రోజూ టై కట్టేవాణ్ణి, చీర ఎంత పని అనుకున్నాను. ముఖాన పసుపుతో, కాళ్లకు చుట్టుకున్న కుచ్చిళ్లతో నిలబడ్డాను. లిఫ్టు తెరుచుకుంది. చిన్న చప్పుడుకే ఫిర్యాదు చేసే చైనీస్ అంకుల్ బయటికొచ్చాడు. తిట్టాల్సిన నేను కుచ్చిళ్లు సర్దుకుంటూ ఉండిపోయాను.

ఆంటీయే అందుకుంది. "ఏందిరా బట్టతలోడా, ఎన్నాళ్లు దాక్కుంటావు!" ఆపైన మెల్లగా, "అంకుల్, స్కోల్డింగ్ ఈజ్ బ్లెస్సింగ్ లా" అని ఇక్కడి యాస ఇంగ్లీషులో అంది.

ఆయన ఆమెను ఎగాదిగా చూశాడు. "మై వైఫ్ ఎవ్రీడే బ్లెస్ మీ, ఆ?" అని పకపకా నవ్వి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

ఆంటీ గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది. ఆ ధైర్యంతో నేనూ కాస్త నడుం తిప్పాను.

"చాల్లే," అంది, "వేషాలెయ్యబాక."