మస్తాన్ మాటకు నేను చెప్పిన ఇంగ్లీషు

పద్దెనిమిదేళ్ళుగా నేను మోస్తున్నది నాలుగు మాటల బరువు. నాలుగు మాటలు కూడా ఒక బరువేనా అని మీరు నవ్వొచ్చు. మొదట్లో నేనూ అలాగే అనుకున్నాను. కానీ ఆ మాటలు నావి కావు. ఒక మనిషి నన్ను నమ్మి, అవతలి మనిషికి అందించమని ఇచ్చినవి. నేను అందించలేదు. ఈ సంగతి మా ఆవిడకు తెలియదు. అమ్మాయికి అసలే తెలియదు. నా పేరు మీకూ చెప్పను, ఇంకా అంత ధైర్యం రాలేదు.

2006లో నేను దుబాయ్‌లో, అల్ ఖూజ్‌లో, ఒక కట్టడాల కంపెనీ ఆఫీసులో గుమాస్తాని. కంపెనీలో ఐర్లండ్ వాళ్ళకు వాటా ఉండేది. కూలీల హాజరు, సెలవు అర్జీలు, వీసా కాగితాలు నా పని. తెలుగువాళ్ళు ఎక్కువ కాబట్టి వాళ్ళకీ ఆఫీసుకీ మధ్య మాట చేరవేసేదీ నేనే. మాది గుంటూరు. నా ఇంగ్లీషంటే నాకు కొంచెం పొగరు కూడా ఉండేది. ఇప్పుడు తలుచుకుంటే ఛీ అనిపిస్తుంది.

మస్తాన్‌ది కడప దగ్గర పల్లె. సెంట్రింగ్ పని. చిన్నప్పుడే తల్లి పోతే పెద్దక్క సాకింది అతన్ని. ఆ అక్కకు జబ్బు ముదిరి ఆస్పత్రిలో పడింది. ఒకసారి వెళ్ళి చూసొస్తానని రెండు నెలలుగా తిరుగుతున్నాడు. పాస్‌పోర్ట్ ఇవ్వరు. మా కంపెనీ అందరి పాస్‌పోర్టులూ ఆఫీసు అల్మరాలో పెట్టి తాళం వేసేది. అలా ఉంచుకోకూడదని మాకందరికీ తెలుసు. అయినా అలాగే నడిచిపోయేది. ఆ అల్మరా నా కుర్చీ వెనకే ఉండేది. తాళం మాత్రం ముదీర్ దగ్గర, అంటే మా మేనేజర్ దగ్గర.

సైట్లో కానర్ అని ఒక ఐరిష్ కుర్ర ఇంజనీరు ఉండేవాడు. మస్తాన్ గొడవ వాడికి తెలిసింది. కడుపు మండి, వాళ్ళ ఊరి పార్లమెంటు సభ్యుడికి ఉత్తరం రాశాడు. ఆ సభ్యుడు ప్రతిపక్షంవాడు. మన దేశపు వాటా ఉన్న కంపెనీ పరాయి గడ్డమీద మనుషుల పాస్‌పోర్టులు తీసుకుని ఉంచుకుంటుంటే మీరేం చేస్తున్నారని సభలో లేచి మంత్రిని నిలదీశాడు. వాళ్ళ సభను డాల్ అంటారట. ఆ మాట కూలీలుండే క్యాంపుకు చేరేసరికి దాల్ అయింది. మన పాసుపోర్టుల సంగతి దాల్‌లో వచ్చిందంట అని ఒకడంటే, ఏం పప్పురా అది, కందిపప్పా పెసరపప్పా అని మెస్సులో ఒకటే నవ్వులు. మస్తాన్ కూడా నవ్వాడు. పప్పులోనైనా వచ్చింది, అదే చాలు అన్నాడు.

విచారించి చెబుతామని మంత్రి సభలో మాటిచ్చాడు. అందుకోసం ఒక అధికారిణి మా క్యాంపుకు వచ్చింది. యాభై ఏళ్ళ మనిషి, నెమ్మదస్తురాలు. కూలీల మాట వాళ్ళ భాషలోనే వింటానంది. తెలుగు ఎవరికి వచ్చు? నాకు.

ఆ రోజు పొద్దున ముదీర్ నన్ను పిలిచాడు. మా ఆవిడా అమ్మాయీ వచ్చేందుకు ఫ్యామిలీ వీసా కాగితం అప్పటికి ఆయన బల్లమీద మూడు వారాలుగా ఉంది. అది చూపించి, రేపు సంతకం పెడతాను, ఇవాళ ఆ లేడీ పని చూడు, అన్నాడు. అంతే. ఫలానా విధంగా చెప్పమని అనలేదు. బెదిరించనూ లేదు. ఆ రెండు మాటల్నీ ముడివేసుకున్నది నేనే. నిజంగా ఆయన ఉద్దేశం అదేనా? ఏమో. అడిగి తెలుసుకోవాలని కూడా నాకనిపించలేదు. అదే అయ్యుంటుందని అనుకుంటే నాకు సుఖంగా ఉంది మరి.

గదిలో మేం ముగ్గురమే. ఆవిడ, మస్తాన్, నేను. కంపెనీ వాళ్ళెవరూ ఉండకూడదని ముదీర్‌ని ఆవిడే బయటికి పంపేసింది. నేను కంపెనీ వాణ్ణని ఆవిడకు తోచినట్టు లేదు. ఇది మీరు గుర్తుంచుకోవాలి. ఆ గదిలో నేను భయపడాల్సిన మనిషి ఒక్కరూ లేరు.

నీ పాస్‌పోర్ట్ ఎవరి దగ్గరుంది అని అడిగింది.

"కంపెనీవాళ్ళు దాచిపెట్టినారు సార్," అన్నాడు మస్తాన్, ఆవిడ వైపు కాకుండా నా వైపు చూస్తూ.

మన భాషలో ఈ మాట చూడండి. బీరువాలో నగ దాచిపెడతాం. దొంగ కూడా సొత్తు దాచిపెడతాడు. మాట ఒకటే. నా నోట్లోంచి వచ్చిన ఇంగ్లీషు ఏమిటంటే, కంపెనీ దాన్ని భద్రంగా ఉంచిందట, అని. ఆవిడ రాసుకుంది. ఇది పొరపాటే, తొందరలో మాట అటు తిరిగింది అని ఎన్నోసార్లు నాకు నేను చెప్పుకున్నాను. కావచ్చు. మరి తర్వాతది?

అడిగితే ఇస్తారా అంది ఆవిడ.

"ఎన్నితూర్లు అడిగితిమి సార్! అడిగినప్పుడల్లా ఇదిగో అదిగో అంటారు. మా అక్క ఆస్పత్రిలో ఉండాది. ఒక్కసారి మొగం చూసి వస్తానంటే కూడా ఇదిగో అదిగోనే. ఆ తల్లికి చెప్పండి సార్. నేను పోవల్ల."

అడిగినప్పుడల్లా ఇదిగో అంటారట, అన్నాను ఇంగ్లీషులో.

వినడానికి ఎంత బాగుంది! ఒక్క అదిగో తీసేశాను, అంతే. అబద్ధం ఆడినట్టూ లేదు, నిజం చెప్పినట్టూ లేదు. ఆ క్షణంలో నా తెలివికి నేనే మురిసిపోయానా? మురిశాను. రెప్పపాటే అయినా మురిశాను. అది కూడా ఒప్పుకోవాలి కదా.

ఆవిడ కలం ఆపింది. అతను చాలాసేపు మాట్లాడాడే, అంతేనా అంది. అక్క అనే మాట దగ్గర మస్తాన్ గొంతు పూడుకుపోయింది. భాష రాకపోయినా అది ఎవరికైనా తెలుస్తుంది. ఏదో ఒకటి చెప్పక తప్పదు. వాళ్ళ అక్కకు ఒంట్లో బాగోలేదట, ఆమె కోసం మిమ్మల్ని ప్రార్థన చేయమంటున్నాడు, అన్నాను.

ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. గుండెమీద చేయి వేసుకుని, తప్పకుండా చేస్తానని మస్తాన్‌కే నేరుగా చెప్పి తల ఊపింది. మస్తాన్ ఆ తల ఊపడం చూశాడు. పాస్‌పోర్ట్ ఇప్పిస్తానని మాటిచ్చింది అనుకున్నాడు. ఆవిడకు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. తర్వాత నా వైపు తిరిగి నాకూ పెట్టాడు. ఆపండి, నేను తప్పు చెప్పాను అనడానికి నాకు ఎంతసేపు పట్టేది? టీ తాగుతారా అని ఆవిడను అడిగాను.

మర్నాడు ముదీర్ సంతకం పెట్టాడు.

కొన్ని వారాల తర్వాత కానర్ నా బల్ల దగ్గరికి వచ్చి నాలుగు కాగితాలు పెట్టాడు. డాల్‌లో జరిగిన మాటలు, ఇంటర్నెట్‌లోంచి తీసినవి. పాస్‌పోర్టులు కూలీల భద్రత కోసమే ఉంచారనీ, అడిగినప్పుడల్లా ఇస్తున్నారనీ, ఒక కూలీ స్వయంగా తన భాషలో ఈ మాట చెప్పాడనీ మంత్రి చదివాడు. ఆయన తప్పేముంది, తన చేతికొచ్చింది చదివాడు. ప్రతిపక్ష సభ్యుడు మాత్రం ఊరుకోలేదు. ఆ కూలీ మాటను మన అధికారిణికి ఇంగ్లీషులో చెప్పిందెవరు, ఆ మనిషి ఎవరి దగ్గర పనిచేస్తాడు అని మళ్ళీ లేచి అడిగాడు. రెండు భాషలూ బాగా తెలిసిన వ్యక్తి, అనుమానించడానికి కారణం కనబడలేదు అని జవాబు. అంతటితో సభ ఇంకో విషయంలోకి వెళ్ళిపోయింది.

నేను ఎప్పుడూ చూడని దేశంలో, ఎవరో పెద్దమనిషి నిండు సభలో నా గురించి అడిగాడు. సరైన ప్రశ్నే అడిగాడు. దానికి జవాబు ఆ సభలో ఒక్కరికీ తెలియదు. అల్ ఖూజ్‌లో కూర్చున్న నాకు తెలుసు. కానర్ ముఖం చిన్నబుచ్చుకుని, నేనే తొందరపడ్డాను, పాపం ఆ సభ్యుడి పరువు కూడా తీశాను, అన్నాడు. తన కళ్ళతో చూసినదాని కన్నా నా ఇంగ్లీషునే ఎక్కువ నమ్మాడు వాడు. అవునవును, అర్థం చేసుకోవడంలో పొరపాట్లు జరుగుతుంటాయి, అన్నాను నేను. ఎంత పెద్దమనిషి తరహాగా అన్నానో!

మా వాళ్ళు వచ్చేశారు. అల్ కుసైస్‌లో ఇల్లు తీసుకున్నాం. విమానాశ్రయంలో మా అమ్మాయి సామాన్ల ట్రాలీ మీంచి దూకి పరిగెత్తుకుంటూ వచ్చి నా కాళ్ళు చుట్టేసుకుంది. ఆ వారమే మస్తాన్ అక్క పోయింది. పోయిన పదకొండో రోజున అతనికి పాస్‌పోర్ట్ ఇచ్చారు. ఎలాగూ సైట్ పని అయిపోయింది, ఖలాస్, పొమ్మన్నారు.

వెళ్ళే ముందు నా దగ్గరికి వచ్చాడు. తిడతాడేమో అనుకున్నాను. తిడితే బాగుండును అని కూడా అనుకున్నాను.

"మీరు ఆ తల్లికి గట్టిగా చెప్పినారు కాబట్టే ఇప్పటికైనా చేతికొచ్చె సార్," అన్నాడు. "అక్క మొగం చూసే రాత నాకు లేకపాయ. దానికి మీరేం చేస్తారు?"

నా చేయి పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. నేను చేయి వెనక్కి తీసుకోలేదు. జాగ్రత్తగా వెళ్ళిరా మస్తాన్, అన్నాను.

ఇప్పటికీ ఏటా రంజాన్‌కు ఫోన్ చేస్తాడు. కడపలో ఆటో తోలుతున్నాడు. కూతురికి అక్క పేరే పెట్టుకున్నాడు. ఈ ఏడు ఎలాగైనా చెప్పేద్దామని, మస్తాన్, ఆ రోజు నేను ఆవిడతో ఏమన్నానంటే, అని మొదలుపెట్టాను. ఆ మేలు మర్చిపోతానా సార్, అని అందుకున్నాడు. పిల్లలు బాగున్నారా అని అడిగి పెట్టేశాను.

నేను నోరు తెరిచి ఉంటే పాస్‌పోర్ట్ వచ్చేదా, అక్కను చూసేవాడా? వచ్చేది కాదేమో. ఈ ఏమో అన్న మాటను పట్టుకునే ఇన్నేళ్ళు లాక్కొచ్చాను. మీరు క్షమించాలని రాయలేదు. క్షమించడానికి మీరెవరు, అడగడానికి నేనెవరు? ఒక్క ముక్క ఎక్కడైనా పూర్తిగా చెప్పాలనిపించింది. ఆవిడ అడిగింది. అతను చెప్పాడు. నేను మాట మార్చాను. భయంతో కాదు, పొరపాటున కాదు, తెలిసే మార్చాను. రాసేశాను. ఊపిరి కొంచెం తేలిగ్గా ఆడుతోంది.