ఎవరి వల్ల ఎవరికి ప్రాణభయం

ప్రకాశరావంత పిరికివాణ్ణి తెనాలి మొత్తమ్మీద మీరు చూసి ఉండరు. తిట్టడం కాదు, ఉన్నమాట చెబుతున్నాను. రోడ్డు మీద రిక్షా వస్తుంటే అది దాటిపోయేదాకా కాదు, మలుపు తిరిగి కనపడకుండా పోయేదాకా నిలబడే మనిషి. పోస్టుమాన్ పేరు పెట్టి పిలిస్తే చాలు, ఎవరు పోయారోనని అరచేతులు చెమటలు పట్టేవి. "మా ఆయన మిషను ముందు పులి, మిషను దిగితే పిల్లి" అని భార్య కుసుమకుమారి ఆటపట్టించేది. ఆవిడ మాట అబద్ధం కాదు. లూథరన్ హైస్కూల్లో నేర్చిన ఇంగ్లీషు, ఫస్టుక్లాసులో పాసైన టైపు హయ్యరు, ఆ రెండే అతని ఆస్తి. మండలాఫీసు పక్క సందులో రేకుల పంచ కింద మిషను పెట్టుకుని కూర్చునేవాడు. జనం తెలుగులో చెప్పుకుంటూ పోతుంటే అతని వేళ్లు ఇంగ్లీషులో కొట్టుకుంటూ పోయేవి. పదకొండేళ్లలో ఒక్క కాగితమైనా తప్పుందని వెనక్కి రాలేదు.

ఎనభై ఎనిమిది వేసవిలో ఒకరోజు పొద్దున్నే పాండురంగారావు గారు వచ్చి ఎదురు బల్ల మీద కూర్చున్నాడు. కొల్లూరు రోడ్డులో ఉన్న ప్రకాశరావు సొంతూళ్లో ఆయన పెద్ద మోతుబరి. ప్రకాశరావు చూడగానే పోల్చుకున్నాడు. ఆయన మాత్రం ఇతన్ని గుర్తుపట్టలేదు. పదేళ్ల వయసులో ఊరవతల పల్లె వదిలి హాస్టలుకు పోయినవాడు కదా! అయినా పల్లెలో పిల్లల మొహాలు ఆయన ఎప్పుడు చూశాడు గనక?

"తుపాకి లైసెన్సుకి అర్జీ కొట్టాలయ్యా. మూడు కాపీలు" అన్నాడాయన. రేపల్లెలో వియ్యంకుడి హాల్లో డబల్ బారెల్ గోడకి వేలాడుతోందట. అది చూసొచ్చిన దగ్గర్నుంచీ ఈయనకి నిద్ర లేదట.

పేరు, తండ్రి పేరు, వయసు అన్నీ అయ్యాయి. ఆయుధం దేనికి కావాలి అన్న గడి వచ్చింది.

"చేలో అడవి పందులు పడుతున్నాయని కొట్టనా అండి?" ఆశగా అడిగాడు ప్రకాశరావు.

"మన డెల్టాలో అడవి పందులేంటయ్యా, నవ్విపోతారు! ప్రాణభయమని కొట్టు. ఎవరి వల్లో పేరుండాలని చెప్పారు. మా ఊరి పల్లెలో ముత్తయ్య అనేవాడి వల్ల నాకు ప్రాణభయం ఉంది. ఊఁ, కొట్టు."

ముత్తయ్య ఎవరనుకున్నారు? ప్రకాశరావు అక్క మొగుడు. సొంత బావ!

జరిగిందేంటంటే, పల్లెవాళ్ల సమాధుల దొడ్డికి పోయే దారికి అడ్డంగా పాండురంగారావు గారు ముళ్లకంచె వేయించాడు. అంతకుముందు చలికాలంలో పల్లెలో లాజరు అనేవాడి తల్లి పోతే శవప్పెట్టెను మోసుకుపోవడానికి దారి లేకపోయింది. పాదిరిగారు వచ్చి బతిమాలినా ఈయన కంచె తీయించలేదు. ముత్తయ్య గొడ్డలి తెచ్చి కంచె నరికి, పెట్టెను భుజానెత్తుకుని చేల మధ్యనుంచే తీసుకుపోయాడు. ఎవరి మీదా చెయ్యెత్తలేదు. అదీ ముత్తయ్య చేసిన ఘోరం!

పదకొండేళ్లుగా ఇలాంటి కాగితాలు కొట్టినవాడికి ఇది ఎటు పోతుందో తెలీదా? ముత్తయ్యని స్టేషనుకు పిలుస్తారు, గొడవలకి పోనని పూచీ రాయించుకుని బైండోవరు చేస్తారు. ఆయనకేమో తుపాకి వస్తుంది. వచ్చిన తుపాకి గోడ మీద ఊరికే ఉంటుందా? కొట్టనంటే ఎందుకు కొట్టవంటాడు. బావ అని చెబితే ఇంకా చెడుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ప్రకాశరావు కళ్లు మూసుకున్నంత పని చేసి టకటకా కొట్టేశాడు.

కాగితం తీసి చూసుకుంటే పైప్రాణాలు పైనే పోయాయి. మన తెలుగులో మాటలు ఎటు తిప్పినా పర్వాలేదు. ముత్తయ్య వల్ల నాకు భయం అన్నా, నాకు ముత్తయ్య వల్ల భయం అన్నా ఒకటే. ఇంగ్లీషు అలా కాదు, ఎవరి పేరు ముందుంటే భయం వాడిదైపోతుంది. పెద్దాయన ముత్తయ్య పేరు ముందు చెప్పాడు, బెదిరిన వేళ్లు ఆ వరసలోనే కొట్టుకుపోయాయి. ముత్తయ్యకి నా వల్ల ప్రాణభయం ఉంది, అందుచేత నాకు తుపాకి ఇప్పించవలెను. అచ్చంగా అలా ఉంది!

అప్పుడే చెప్పొచ్చు. రబ్బరు పెట్టి చెరిపి, మూడు కాపీలూ దిద్దొచ్చు. "తప్పు పడిందండి" అనడానికి నోరు రాలేదు. ఐదో తరగతితో చదువు ఆపేసిన పాండురంగారావు గారు చక్కగా తెలుగులో మూడు సంతకాలు పెట్టి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం సంగతి వినగానే కుసుమకుమారి పకపకా నవ్వింది. కాసేపటికి నవ్వు ఆగిపోయింది. "ఏవండీ, ఇది ఆయనకి తెలిస్తేనో?" అంది. ఇద్దరికీ అన్నం సయించలేదు.

ఆదివారం గుడిలో ప్రార్థన అయీ అవగానే బస్సెక్కి ప్రకాశరావు పల్లెకు పోయాడు. బావని పక్కకి లాక్కుపోయి అంతా చెప్పాడు. "ఎంక్వయిరీకొచ్చి అడుగుతారు బావా. అవునండి, నాకు ఆయనంటే భయమండి అను. ఆ ఒక్కమాటతో లైసెన్సు ఆగిపోతుంది. నీ కాళ్లు పట్టుకుంటా."

ముత్తయ్య మీసం మీద చెయ్యేసి కొత్తమనిషిని చూసినట్టు చూశాడు. "నాకు భయమా? ఏరా, ఆ మాట నా నోటితో అనాలా? అందరి ముందరా? చావనైనా చస్తాగానీ అననురా బావమరిదీ."

అక్క గుమ్మంలో నిలబడి అంతా వింటోంది. తమ్ముణ్ణి బస్సెక్కిస్తూ, "ఈయన చేనుకి వెళ్లొచ్చేదాకా నాకు ప్రాణం కుదుటపడదురా. నువ్వే ఏదో ఒకటి చెయ్యి" అంది. ఏం చేస్తాడు, పాపం! ఆ రోజు మొదలు మూడు నెలల పాటు సందులో చెప్పుల చప్పుడు వినపడితే చాలు, తల మిషనులోకి దూర్చేసేవాడు.

ఎంక్వయిరీకి రెవెన్యూ ఇన్స్పెక్టరు రేపు ఆ ఊరెళ్తున్నాడని ఆఫీసు బంట్రోతు టీ తాగుతూ యథాలాపంగా అన్నాడు. ప్రకాశరావు మర్నాడు మిషను మీద గుడ్డ కప్పేసి బస్సెక్కాడు. దారి పొడుగునా వచ్చిన ప్రతి స్టాపులోనూ దిగిపోదామనుకున్నాడు.

పంచాయతీ ఆఫీసు వరండాలో ఇన్స్పెక్టరు కుర్చీలో ఉన్నాడు, పక్క కుర్చీలో పాండురంగారావు గారు. కింద పల్లెవాళ్లు నిలబడ్డారు. ప్రకాశరావు అందరి వెనకా నక్కాడు.

"ఏంటండీ ఇది?" ఇన్స్పెక్టరు కాగితం దగ్గరగా పెట్టుకున్నాడు. "మీ వల్ల ముత్తయ్యకి ప్రాణభయం ఉంది కాబట్టి తుపాకి మీకు కావాలా?"

ఎవరో కిసుక్కున నవ్వి నోరు మూసుకున్నారు. పెద్దాయన మొహం కందగడ్డయింది. "ఆ టైపు వెధవ తిరగేసి కొట్టాడు! దిద్దుకోండి."

"సంతకం మీదండి. నేను దిద్దకూడదు. అతన్నే అడుగుదాం. ఏం ముత్తయ్యా, ఈయన వల్ల నీకు భయం ఉందా?"

"నాకా?" ముత్తయ్య రొమ్ము విరిచాడు. "ఆయన తుపాకి పెట్టుకుంటే నాకేంటి, ఫిరంగి పెట్టుకుంటే నాకేంటండి!"

ఓరి నాయనోయ్! అనుకున్నాడు ప్రకాశరావు. ఇన్స్పెక్టరు తలూపి రాసుకున్నాడు. పాండురంగారావు గారు కుర్చీలో వెనక్కి వాలాడు.

"ఊళ్లో ఇంకెవరికన్నా అభ్యంతరం ఉందా?"

పెద్దాయన కళ్లు ఒక్కొక్క మొహం మీదుగా నడిచాయి. ఆ చూపు చేరిన చోటల్లా తలలు వంగాయి. గోడవారగా అక్క కొంగు నోట్లో కుక్కుకుని నిలబడి ఉంది.

"నాకుందండి."

గొంతు ఎంత పీలగా వచ్చిందంటే, "ఎవరది?" అని ఇన్స్పెక్టరు మళ్లీ అడగాల్సొచ్చింది.

"నాకుందండి అభ్యంతరం." ప్రకాశరావు జనంలోంచి ముందుకొచ్చాడు. "నాకు భయమండి. రాసుకోండి."

"నోర్ముయ్ రా!" ముత్తయ్య అరిచాడు.

"నువ్వుండు బావా! నీకు లేకపోతే పోనీ. నాకుంది. మా అక్కకుంది."

పాండురంగారావు గారు కుర్చీలోంచి లేచాడు. "నువ్వు తెనాలి టైపువాడివి కదూ? నీదీ ఈ పల్లేనా?"

"అవునండి. ఈయన మా బావండి."

"నా మీద చెప్పడానికి వచ్చావా? నేను నీకేం చేశానురా, భయపడటానికి? ఎప్పుడన్నా కొట్టానా? తిట్టానా? చెప్పు, ఏం చేశాను?"

ప్రకాశరావు ఇన్స్పెక్టరు వైపే చూస్తూ చెప్పాడు.

"ఇంకా ఏం చెయ్యలేదండి. చేశాక చెప్పడానికి మేం ఉంటామో ఉండమో అని ఇప్పుడే చెబుతున్నానండి."

ఇన్స్పెక్టరు ఆ మాట రాసుకుని, సంతకానికి కాగితం అతని వైపు జరిపాడు.