టీ ఇవ్వకుండా కాదన్న రోజు

ఆటోనగర్‌లో మా నాన్నకు లారీ ఇంజన్లు బాగుచేసే షెడ్డు ఉండేది. ఇక బాగుపడని ఇంజన్ వస్తే ఓనర్ని స్టూలు మీద కూర్చోబెట్టి టీ తెప్పించేవాడు. ఆయన సగం తాగాక, "ఇది అవ్వదండీ" అనేవాడు. ఓనర్ తిడితే తలొంచుకుని వినేవాడు.

నాకు చెన్నైలో విమానాలకు దారి చూపే ఉద్యోగం. రెండువేల సంవత్సరం దాటాక, సముద్రం మీది విమానాలతో రేడియో బదులు కంప్యూటర్ మెసేజీలు మొదలయ్యాయి. ఒక మధ్యాహ్నం బంగాళాఖాతం మీది పైలట్ నుంచి మెసేజ్ వచ్చింది. కుదుపులు ఎక్కువగా ఉన్నాయి, ఇంకా పైకి వెళ్లనివ్వమని. ఆ పైన మరో విమానం ఉంది. రేడియో అయితే గొంతులోనైనా కాస్త మెత్తదనం చూపేవాణ్ణి. స్క్రీన్ మీది లిస్టులో 'కుదరదు' అన్న మాట ఎంచి నొక్కాను. ఆ విమానం గుర్తు అదే ఎత్తులో కదులుతుంటే చూస్తూ కూర్చున్నాను.

సెలవుకి ఇంటికొచ్చినప్పుడు నాన్నకు చెప్పాను.

"కుదరదంటే ఆయనేమన్నాడ్రా?"

"ఏమంటాడు? మనం కాదన్నాక జవాబు పంపక్కర్లేదు. అదే రూలు," అన్నాను విసుగ్గా.

నాన్న టీ గ్లాసు కింద పెట్టాడు.

"తిట్టడానికైనా వీలివ్వలేదా ఆయనకి?"