ఆలిచిప్ప పిల్లలకు పచ్చనీళ్ళు

నా భర్త గన్‌ఫౌండ్రీ దగ్గర ఒక కాలేజీలో జంతుశాస్త్రం చెప్పేవారు. ఇంగ్లండులో ఆలిచిప్పల పిల్లలను తొట్లలో పెట్టి, కంటికి ఆనని పచ్చనాచు మేపి పెంచుతున్నారని రెండో ప్రపంచయుద్ధం మొదలైన కొత్తలో ఏదో పత్రికలో చదివారు. సముద్రం లేని హైదరాబాదులోనూ అది చేసి చూపాలన్న పట్టుదల అప్పుడే పుట్టింది ఆయనకు.

బందరులో ఉన్న స్నేహితుడొకరు తడిగోనెల్లో బతికున్న చిప్పలను, గాజు జాడీల్లో సముద్రపు నీళ్ళను రైలుకెక్కించేవారు. మేము నాంపల్లి స్టేషనులో దించుకుని, టాంగాలో ఇంటికి తెచ్చుకునేవాళ్ళం. ఆ కిరాయి ఇంటి ముందుగది నిండా తొట్లే. కిటికీ దగ్గర సీసాల్లో నాచు పెంచడం నా పని. సీసాలో నీళ్ళు లేతగడ్డి రంగుకు తిరిగాక చెంచాతో తొట్లలో పోయాలి. తక్కువైతే పిల్లలు ఆకలికి చస్తాయి, ఎక్కువైతే నీళ్ళు కుళ్ళుతాయి.

"బడిపిల్లలకు చదువు చెప్పుడు ఇడిశిపెట్టి, చిప్పల పిల్లలకు మేత పెట్టుడేందిరా?" అనేది మా అత్తమ్మ.

వాడలో వాళ్ళు మాత్రం మేము ముత్యాలు పండిస్తున్నామనే నమ్మారు. "ముత్యాలు ఎప్పుడైతయ్ అక్కా? మా బిడ్డ పెండ్లికి జర పక్కకు పెట్టు" అని పక్కింటామె గడపలో నిలబడి అడిగేది. ఇవి మనుషులు తినే చిప్పలని నేనంటే ముఖం ముడుచుకుని వెళ్ళిపోయింది.

మొదట తెచ్చినవన్నీ పుట్టిన పిల్లలతో సహా చచ్చిపోయాయి. ఒకసారి మాత్రం మైక్రోస్కోపు దగ్గర నుంచి ఆయన కేకేశారు. "ఇట్రా, జర చూడు." గాజులాంటి పెంకు, దాని లోపల పచ్చటి చుక్క.

"తిన్నయి! నువ్వు పోసిందే గది" అన్నారు. పెళ్ళయ్యాక ఆయన అంత గట్టిగా నవ్వడం నేను వినలేదు.

ఎండలు ముదిరాయి. తొట్ల చుట్టూ తడిగోనెలు కట్టినా నీళ్ళు వేడెక్కాయి. పిల్లలు ఈత మాని అడుగుకు చేరాయి. బందరు నుంచి కొత్త నీళ్ళు అడిగితే, రైళ్ళన్నీ ఫౌజు సామానుకే పోతున్నాయని కబురొచ్చింది. ఆలస్యంగా చేరిన ఒక్క జాడీ మూత తీస్తే ముక్కు మూసుకోవలసి వచ్చింది. బావినీళ్ళలో ఉప్పు కలిపి చూశారు. పిల్లలు పెంకులు మూసుకున్నాయి, మళ్ళీ తెరవలేదు.

ఆ మధ్యాహ్నం ఆయన కాలేజీకి పోకుండా తొట్టి పక్కనే కూర్చున్నారు.

"ఒక్కటి గూడ లేదా?" అన్నాను.

"లేదు."

"వానలు పడ్డంక మళ్ళ తెప్పిద్దాం తియ్యుండ్రి."

"వద్దు. గీ నీళ్ళకు, గీ ఎండకు అవి బతకయ్. నాకు ఎర్కయింది." గొంతులో కోపం కూడా లేదు. దానికే నాకు భయమేసింది.

తొట్లు నేనే మోరీలో వంపాను. నాచు మాత్రం సీసాల్లో ఏపుగా పెరుగుతూనే ఉంది. తినేవాళ్ళు లేకపోయినా కొన్నాళ్ళు దానికి నీళ్ళు మార్చాను. ఎందుకని ఆయన అడగలేదు. ఒక ఉదయం చూస్తే అదీ తెల్లబడిపోయింది.

ఆయన రిటైరయ్యేదాకా అదే కాలేజీలో చెప్పారు. ఆలిచిప్పల పాఠం వచ్చినప్పుడు మాత్రం "ఇంటికాడ చదువుకోండ్రి" అని పుస్తకం మూసేసేవారట. ఆయన పోయాక, పలకరించడానికొచ్చిన శిష్యుడొకరు చెబితే తెలిసింది నాకు.