అడ్డా మీద జోడీ

“పిల్ల పోదు.”

“పోతది. నేను మాటిచ్చిన. రేప్పొద్దున ఎనిమిదింటికి హోటల్ వ్యాను వస్తది.”

“మాటిచ్చింది నువ్వు. వ్యాను నువ్వే ఎక్కు. దుప్పట్లు మడతపెట్టుడు నీకు రాదా ఏంది?”

“ఆడపిల్లలే కావాలంటున్నరమ్మా! నన్ను తీసుకుంటె...”

అంతలో విమానం వచ్చింది. నా కొడుకు లేపిన చెయ్యి లేపినట్టే ఉంచి ఆగిపోయాడు. నేనూ ఆగాను. మా కాలనీలో పెళ్ళి మాటలైనా, ప్రార్థనైనా, పోట్లాటైనా ఇంతే. నెత్తిమీద నుంచి విమానం దిగేటప్పుడు అరిచి గొంతు చెడగొట్టుకోవడం దండగ. కొత్తవాళ్ళు చూస్తే తగువు తీరిందనుకుంటారు. చప్పుడు తొండుపల్లి వైపు పోయాక వాడు చెయ్యి దించకుండానే అందుకున్నాడు.

“...నన్ను తీసుకుంటె నేను పోనా?”

నేను గోనెసంచి పరుచుకుని వెల్లుల్లి ఒలుస్తున్నాను. ఫంక్షన్ హాళ్ళలో విందులు వండించే ఒకాయన మా గల్లీ ఆడవాళ్ళకు వెల్లుల్లి బస్తాలు పంపిస్తాడు. ఒలిచి ఇస్తే కిలోకు ఇంత అని ఇస్తాడు. నా మోకాళ్ళు మొరాయించినా వేళ్ళు ఇంకా మాట వింటున్నాయి కాబట్టి ఆ పని దొరికింది. సాయంత్రమయ్యేసరికి గోళ్ళ సందుల్లో మంట. పొట్టు నేను పారెయ్యను. ఎండబెడితే నీళ్ళ పొయ్యి అంటించడానికి పనికొస్తుంది.

నా కొడుకు విమానాల కాడ ట్రాలీలు తోసేవాడు. ప్రయాణికులు సామాను దించుకుని ఎక్కడపడితే అక్కడ వదిలేసి పోయిన బండ్లను పోగు చేసి, ఒకదాంట్లో ఒకటి దూర్చి, పొడుగాటి వరుస కట్టి తోసుకుపోవాలి. ఏళ్ళ తరబడి అదే పని. ఆదివారం చర్చికి వచ్చినా ప్లాస్టిక్ కుర్చీలు వంకరగా ఉంటే వాడికి పాట మీద మనసు నిలవదు. లేచి పోయి వరుస సర్దుతాడు.

ఎండాకాలం దాటాక కాంట్రాక్టరు మారాడు. మా కాలనీలో ఆ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. తీగల మీద ఆరే చొక్కాల రంగు మారుతుంది. నీలం చొక్కాలు పోయి బూడిదరంగు చొక్కాలు వస్తాయి. ఎవరింటి ముందు ఏ రంగూ ఆరడం లేదో, ఆ ఇంట్లో పని పోయిందని లెక్క. కొత్తాయన పాతవాళ్ళను పిలుస్తానన్నాడు. లోపలికి పోయే పాసులు తిరిగి తీసుకున్నారు. కొందరిని పిలిచారు. నా కొడుకును పిలవలేదు. మా తీగ మీద ఆ సాయంత్రం నా చీర, కోడలి చీర, ఒక నల్ల ప్యాంటు ఆరుతున్నాయి. ఆ ప్యాంటు నా మనవరాలిది. హోటల్ వాళ్ళు నల్ల ప్యాంటు వేసుకుని రమ్మన్నారు.

మనవరాలు ఇంటర్ రెండో సంవత్సరం. ఒక్కతే పిల్ల. లెక్కల్లో కాస్త మొద్దు, మాటల్లో మాత్రం కాదు. గోడకు ఆనుకుని పుస్తకం తెరిచి కూర్చుంది కానీ పేజీ తిప్పడం నేను చూడలేదు.

“నాయినమ్మా, జర ఆగు. నన్ను ఎవ్వరు జబర్దస్తీ చేస్తలేరు. నేనే పోతా అన్న.”

“నువ్వు ఊకో. పెద్దోళ్ళు మాట్లాడుతున్నరు.”

“మాట్లాడేది నా గురించే గద!”

“మళ్ళ కాలేజీ?”

“రెండు నెలలు పోతదమ్మా, గంతే,” అన్నాడు కొడుకు. “నాకు పని దొరకంగనే మళ్ళ పంపిస్త. పరీక్షలు ఏడికి పోతయి? ప్రైవేటుగ రాస్తది.”

వెల్లుల్లిపాయ చేతిలో అట్లానే ఉండిపోయింది.

“మా నాయిన గుడ గట్లనే అన్నడు,” అన్నాను. “ఒక్క పంట దాకనే అన్నడు. రెండో తరగతి పుస్తకం చూరుల పెట్టిండు. పంట కోసినం, మళ్ళ ఏసినం. ఆ పుస్తకం చూరుల్నే చెదలు పట్టింది.”

నాకు చదవడం వచ్చిందంటే అది బడి వల్ల కాదు. పెళ్ళయ్యాక చర్చిలో పాటల పుస్తకం పట్టుకుని, పక్కామె వేలు ఎక్కడుందో చూసి కూడబలుక్కున్నాను. ఇప్పుడు ఈ నాలుగు ముక్కలు రాస్తున్నానన్నా అదే చదువు. వాడికీ ఆ సంగతి తెలుసు. అయినా తెగించినట్టు అన్నాడు.

“మళ్ళ నన్నేం చెయ్యమంటవ్? చెప్పు. బియ్యం డబ్బా మూత తీసి చూస్తున్నవా నువ్వు?”

“నేను చూడక ఎవరు చూస్తరు? రోజు కొలిచి పోసేదాన్ని నేను. పని అడుక్కో పో. అడ్డా మీద నిలబడు. అందరు నిలబడ్తలేరా?”

“నిలబడ్డ!”

ఎంత గట్టిగా అన్నాడంటే, లోపల అన్నం వారుస్తున్న కోడలు గిన్నె పట్టుకునే గడప దాకా వచ్చింది.

“నిలబడ్డనమ్మా. నెల సంది నిలబడుతున్న. ఇస్త్రీ అంగీ ఏసుకొని ఆఫీసుల పొంటి తిరుగుతున్న అనుకుంటున్నరు మీరు. అడ్డా మీదనే ఉంటున్న. అందర్ని పిలుస్తరు. నా దిక్కు చూస్తరు, పోతరు. ఒక్కడు గుడ నన్ను రమ్మనలే.”

కోడలు గిన్నె గడప మీదనే దించింది. ఈసారి మాట ఆపడానికి విమానం రాలేదు.

కూలీల అడ్డా అంటే నాకు కొత్త కాదు. మా కొద్దిపాటి ఆకుకూరల మడి అమ్మేశాక, ఆ పైసలు మా ఆయన దవాఖానకే పోతుండగా, ఆయన కాస్త లేచి తిరిగిన రోజుల్లో ఇద్దరం అక్కడే నిలబడేవాళ్ళం. తెల్లారకముందే పోవాలి. పనిముట్టు ముందు పెట్టుకుని కూర్చోవాలి. తాపీ పని వాడి ముందు తాపీ, మట్టి పని వాడి ముందు పార. పనిముట్టే అక్కడ మాట్లాడుతుంది, మనిషి నోరు తెరవక్కర్లేదు. మేస్త్రీ ముందు జోడీని చూస్తాడు. ఆయన కలుపుతాడు, ఆమె అందిస్తుంది. ఒకరి సైగ ఒకరికి తెలుస్తుంది, పొద్దుగూకే దాకా ఇద్దరూ కలిసే ఉంటారు, మధ్యలో జారుకోరు. అందుకని మొగుడూపెళ్ళాలను ముందు ఎక్కించుకుంటారు. ఒంటరిగా వచ్చినవాళ్ళు అక్కడికక్కడ ఇంకొకరితో జత కడతారు. అదీ కుదరనివాళ్ళు ఎండెక్కే దాకా కూర్చుని, తెచ్చుకున్న సద్ది అక్కడే తినేసి ఇంటికి పోతారు. నిండు టిఫిన్ డబ్బాతో గడప తొక్కడానికి ఎవరికీ మనసొప్పదు.

“ఏడ నిలబడ్డవ్?” అని అడిగాను.

“చాయ్ డబ్బా కాడ.”

“కూసున్నవా, నిలబడ్డవా?”

“కూసుంటె ప్యాంటు ఖరాబైతది.”

“కాళ్ళకు ఏమున్నది?”

“గదేం అడుగుడమ్మా?”

“చెప్పు.”

“బూట్లు. పాలిష్ చేసినవే.”

“చేతిల?”

“ఏం లేదు.”

మనవరాలు పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి.

“నాయినా, నిన్ను చూసి చిట్టీ పైసలు వసూలుకు వచ్చినోడు అనుకున్నరేమో మేస్త్రీలు!”

కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చివరికి వాడికీ నవ్వొచ్చింది, కానీ అది కళ్ళదాకా రాలేదు. వాడి తప్పేం లేదు. విమానాల కాడ రోజూ పొద్దున వరుసలో నిలబెట్టి చూసేవారట. అంగీ నలిగితే ఇంటికి పంపేవారు, బూటు మెరవకపోతే ఇంటికి పంపేవారు. పని కావాలంటే శుభ్రంగా కనబడాలని వాడికి ఒంట్లో ఇంకిపోయింది. అడ్డా మీద ఆ శుభ్రమే వాడికి అడ్డం పడింది. మెరిసే బూట్లవాణ్ణి చూసి, వీడు బస్సు కోసం ఆగాడు, మనవాడు కాడు అనుకుని పోయారు.

నేను వెల్లుల్లి గంప పక్కకు జరిపాను.

“రేపు నేను వస్త.”

“ఏడికి?”

“అడ్డా మీదికి. నువ్వు, నేను జోడీ.”

“నీకు పిచ్చా? మెట్టెక్కితే మోకాళ్ళు పట్టుకుంటవ్. అందరు నవ్వుతరు. తల్లిని పనికి తోలుకొచ్చిండు అంటరు.”

“ఆడపిల్లను చదువు మాన్పిచ్చి దుప్పట్లు మడతపెట్టనీకె తోలితే ఏమంటరు?”

“అత్తమ్మా, నేను పోతా,” అంది కోడలు. ఆమె విల్లాల్లో రెండిళ్ళలో వంట చేస్తుంది. ఇప్పుడు మేం తినేది ఆమె తెచ్చేదే.

“నువ్వు ఒక్క పూట పోకపోతే ఇంకొకామెను పెట్టుకుంటరు. ఆ పొయ్యి గుడ ఆరిపోవాల్నా?”

కోడలు లోపలికి పోయింది. కొడుకు సరేననలేదు, కాదనలేదు. హోటల్ వాళ్ళకు ఫోన్ చేసి పిల్ల రావట్లేదని చెప్పమన్నాను. అదీ చెయ్యలేదు. అన్నాలు తిన్నాం. నేను పడుకోబోతూ తీగ మీది నల్ల ప్యాంటు చూశాను. ఆరిపోయింది. తీసి మడతపెట్టడానికి నాకు చెయ్యి రాలేదు, అట్లానే వదిలేశాను.

పొద్దున లేచేసరికి వాడు వాకిట్లో కూర్చుని ఉన్నాడు. పాత లుంగీ, రంగు వెలిసిన బనియను, పైన తువ్వాలు. కాళ్ళకు హవాయి చెప్పులు. బూట్లు గోడవారన వరుసగా పెట్టి ఉన్నాయి. మా ఆయన పార, అటక మీది తట్ట కోడలి చేత దింపించాను. చెయ్యి తగలగానే పార కర్ర వదులుగా కదిలింది. వాడు ఒక చెక్కముక్క దూర్చి రాయితో కొట్టాడు. మా ఇద్దరి సద్దీ ఒకే డబ్బాలో సర్దింది కోడలు.

అడ్డా మీద నాకు తెలిసిన ముఖాలు తక్కువ. ఇదివరకు ఆటోలు నడిపినవాళ్ళు, గేట్ల దగ్గర కాపలా కాసినవాళ్ళు కూడా పారలు పెట్టుకుని కూర్చున్నారు. వాడు అలవాటుగా చాయ్ డబ్బా వైపు నడవబోయాడు. తువ్వాలు పట్టుకుని లాగాను. నడిమధ్యన కూర్చున్నాం. ముందు పార, దాని మీద బోర్లించిన తట్ట.

మొదటి మేస్త్రీ మమ్మల్ని దాటిపోయి బిహారు పిల్లలను ఎక్కించుకున్నాడు. రెండో ఆయన నెరిసిన నా తల చూసి ముఖం తిప్పుకున్నాడు. కొడుకు నావైపు చూడకుండా నేల వైపు చూస్తున్నాడు. మూడో ఆయన ట్రాలీ ఆటో ఆపి కేకేశాడు.

“జోడీ ఎవరున్నరు?”

“మేమున్నం,” అన్నాను.

“ఈయన ఎవరు పెద్దమ్మా?”

“నా కొడుకు.”

“గిదేం జోడీ?”

వెనక ఎవరో అన్నారు, “తీసుకపో మేస్త్రీ, అమ్మ ఎంబడి ఉంటే బీడీకి గుడ లేవడు.” అందరూ నవ్వారు. వాడు తలెత్తలేదు.

“నువ్వు తట్ట మోస్తవా?” అన్నాడు మేస్త్రీ.

“వాడు మోస్తడు. నేను ఇసుక జల్లిస్త. గోడలకు నీళ్ళు కొడ్త. నాకు సగం కూలి ఇయ్యి. వానికి పూరా ఇయ్యాలె.”

మేస్త్రీ వాడి అరచేతులు చూపించమన్నాడు. ట్రాలీలు తోసి తోసి కాయలు కాచిన చేతులు. వేలితో నొక్కి చూశాడు.

“ఎక్కుండ్రి. బుద్వేల్ పోవాలె.”

నా మోకాలు ట్రాలీ అంచు మీదికి లేవలేదు. వాడు పార కింద పెట్టి, చంకల కింద చేతులు వేసి నన్ను ఎత్తి కూర్చోబెట్టాడు.

ఆటో మా కాలనీ మొగదల మీదుగానే పోయింది. రోడ్డుకు అవతల హోటల్ వ్యాను ఆగి ఉంది. నల్ల ప్యాంట్లు వేసుకున్న పిల్లలు ఎక్కుతున్నారు. డ్రైవరు రెండుసార్లు హారన్ కొట్టాడు. ఇవతల, కాలేజీకి పోయే బస్సు ఆగే చోట, నా మనవరాలు సంచి భుజానికి వేసుకుని నిలబడి ఉంది. హారన్ విని తలతిప్పి చూసింది కానీ రోడ్డు దాటలేదు. మమ్మల్ని చూసి చెయ్యి ఊపలేదు. మేమూ ఊపలేదు.

కొడుకు ఏదో అనడానికి నావైపు వంగాడు. విమానం వచ్చింది. ఆగాడు. అది పోయాక కూడా ఏమీ అనలేదు. బస్సు వచ్చింది, పిల్ల ఎక్కింది.

మేం బుద్వేల్ చేరేసరికి అక్కడ ఇసుక కుప్ప పోసి ఉంది. మేస్త్రీ నాకు జల్లెడ ఇచ్చాడు.