‘ఇంకొంచెం లోతుకు’ రాసిన మా యాదగిరి సార్

మా యాదగిరి సార్ ఇక లేరు. మొన్న ఉదయం సూర్యాపేట దవాఖానలో గుండె ఆగి కన్నుమూశారని ఫోన్ వస్తే, “ఏ యాదగిరి?” అని అడిగాను. తెలిసీ అడిగాను. తిరుమలగిరి బడిలో నాకు అక్షరం మీద అనురక్తి కలిగించిన ఆ గురువును గతించినవారిగా తలచుకోవడానికి మనసు రావడం లేదు.

సాహితీలోకం సార్‌ను ఒకే ఒక్క వ్యంగ్య నవలతో గుర్తుంచుకుంటుంది. ‘ఇంకొంచెం లోతుకు’లో కోటయ్య అనే ఆసామి చేనంతా బోర్లు వేయిస్తాడు. నీళ్ళు పడితే అత్యాశతో ఇంకొకటి, పడకపోతే పంతంతో ఇంకొకటి. చేను అయిపోయాక వాకిట్లో, ఆపైన వంటింట్లో, చివరకు తన మంచం కింద. ఇల్లు కుంగి గోతిలో పడ్డాక కూడా లోపలి నుంచి “ఇంకొంచెం లోతుకు పోనియ్యి” అని కేకేస్తాడు.

నవ్వించడంలో సార్ అద్వితీయులు. అదే ఆయన దురదృష్టమైంది. కోదాడ సభలో ఒక పెద్దమనిషి లేచి, “అచ్చం మా వియ్యంకుణ్ణే రాశారండీ!” అని చప్పట్లు కొట్టాడు. మిర్యాలగూడలో ఒక రైసుమిల్లు యజమాని శాలువా కప్పుతూ, పక్క మిల్లు ఆయన పేరు చెవిలో చెప్పాడు. తిరుగు బస్సులో సార్ ఆ శాలువా ఒళ్ళో పెట్టుకుని, “అందరికి పక్కోడే కనవడుతుండు రా. ఒక్కనికన్న తను కనవడకపాయె” అన్నారు.

ఆ ఒక్కడు ఎవరో నాకు తెలుసు. సార్ తమ్ముడు సోమయ్య. పత్తి చెలకలో బోరు మీద బోరు వేయిస్తూ, అందుకోసం చెలకనే ముక్కముక్కగా అమ్ముకుంటున్నాడు. ఎదురుగా చెబితే అలుగుతాడని అన్న ఏకంగా నవలే రాశాడు. “సోమడు ఆగితె చాలు రా. ఇంకెవ్వరు సదవకున్నా నాకు రంది లేదు” అనేవారు.

సోమయ్య చదివాడు. నేను అక్కడే ఉన్నాను. పొట్ట పట్టుకుని నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, “అన్నా, మన పక్క చేను వెంకులును అచ్చం దించినవ్ పో!” అన్నాడు. ఆ సాయంత్రమే అరచేతిలో కొబ్బరికాయ అడ్డంగా పెట్టుకుని చెలకంతా తిరిగాడు. కాయ లేచి నిలబడ్డ చోట నీళ్ళుంటాయని మా వైపు నమ్మకం. మర్నాడే బోరు లారీకి పసుపు కుంకుమలు పెట్టారు. బోరు దుమ్ము సార్ అరుగు దాకా వచ్చింది. సార్ కళ్ళద్దాలు తుడుచుకుని లోపలికి వెళ్ళారు. ఆ తర్వాత మళ్ళీ కలం పట్టలేదు. ఎంత బతిమాలినా వినలేదు, నేను చేయగలిగింది లేకపోయింది.

నిన్న దహన సంస్కారం అయ్యాక సోమయ్య నన్ను పట్టుకుని ఏడ్చాడు. తండ్రి పోయాక పెంచింది అన్నే. ఆ ఏడుపులో కల్తీ లేదు. “అన్న యాదికి ఏమన్న చెయ్యాలె తమ్మీ” అన్నాడు. నవల మళ్ళీ అచ్చు వేయిద్దామంటాడని ఆశపడ్డాను. “మిగిలిన చెలకల అన్న పేరు మీద ఒక బోరు ఏపిస్త. దినాలు కాంగనే లారీ వస్తది. నువ్వు సదువుకున్నోనివి, బోరు కాడ పెట్టే రాయి మీదికి రెండు మంచి ముక్కలు రాసియ్యి” అన్నాడు.

కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. ఏడుస్తున్న మనిషితో ఏం వాదించను? తలూపాను.

సార్, మీ లోటు తీర్చే కలం ఈ ప్రాంతంలో లేదు. నాది అసలే కాదు. మీ పాదాలకు ప్రణమిల్లి ఈ నాలుగు మాటలూ ఇక్కడ ఆపుతున్నాను. ఇక ఆ రాయి మీదికి రాయాలి. పొద్దున సోమయ్య మళ్ళీ ఫోన్ చేశాడు.

“జర జల్ది రాయి తమ్మీ. చెలకల గాదు, కొబ్బరికాయ అన్న వాకిట్లనే నిలవడ్డది.”